వినోదం నుండి విజ్ఞానానికి

రాక్షసబల్లి అన్న మాట వినగానే పిల్లల కన్నులు మెరుస్తాయి. పెద్దల పెదవులపై చిరునవ్వు తొంగిచూస్తుంది. అది పసితనపు సరదా అనీ, వయస్సు వచ్చేకొద్దీ వదలిపోవలసినదనీ పలువురి భావన. మార్కులు తెచ్చిపెట్టని ఆసక్తి కాలహరణమే అనే అభిప్రాయం విద్యార్థుల ఇళ్లలో బలంగా నాటుకొని ఉన్నది. అయితే ఆ సరదాను పెద్దయ్యాక కూడా విడువని వారి వలననే పురాజీవశాస్త్రం పెంపొందింది. వినోదాన్ని విజ్ఞానానికి తొలిమెట్టుగా గుర్తించడం అవసరం.

ముందుగా పేరునే పరిశీలిద్దాం. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త రెండు గ్రీకు పదాలను కలిపి 'భయంకరమైన బల్లి' అనే అర్థంలో డైనోసార్ అన్న మాటకు రూపమిచ్చాడు. తెలుగువారు దానిని రాక్షసబల్లి అన్నారు. మాట సొంపుగా ఉన్నా అర్థం పొసగదు. అవి బల్లులు కావు. అన్నీ భీకరమైనవీ కావు. కొన్ని కోడిపెట్టంతటివే. పక్షులు వాటి సంతతియే అని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఆ లెక్కన పెరటిలో గింజలేరుకొనే కోడి కూడా రాక్షసబల్లి వంశాంకురమే!

ఈ శాస్త్రానికి తొలినాళ్లలో దారి చూపినవారిలో విలియం బక్‌లాండ్ ఒకడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన పాఠం నాటకంలా సాగేది. అంతరించిన జంతువుల నడకను తానే అభినయించి చూపేవాడు. 1824లో మెగలోసారస్‌ను వర్ణించి, ఒక రాక్షసబల్లికి తొలిసారిగా శాస్త్రీయనామం పెట్టినవాడు ఆయనే. ఆ కాలంలోనే ఇంగ్లండు దక్షిణతీరంలోని లైమ్ రీజిస్‌లో మేరీ ఆనింగ్ అనే వడ్రంగి కుమార్తె సముద్ర సరీసృపాల శిలాజాలను వెలికితీసేది. వాటి కడుపుభాగంలో కనిపించే రాళ్లను పగులగొట్టి చూడగా చేపల ఎముకలు, పొలుసులు బయటపడ్డాయి. ఆమె పరిశీలనల ఆధారంతో బక్‌లాండ్ 1829లో అవి రాయిగా మారిన మలమని వివరించాడు. అంతటితో ఆగక, అటువంటి రాళ్లను కోసి, నునుపు చేయించి, ఒక బల్లపై అందంగా పొదిగించుకొన్నాడు! చూచినవారికి అది హాస్యాస్పదమే. కాని ఏ జంతువు ఏమి తిన్నదో చెప్పే సాక్ష్యం అందులోనే ఉన్నదని ఆయన గ్రహించాడు.

ఆ చూపు ఎంత విలువైనదో మన దేశంలోనే రుజువైంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా పిస్‌దురా గ్రామ సమీపంలో దొరికిన రాక్షసబల్లుల శిలామలాన్ని భారతీయ శాస్త్రవేత్తలు విదేశీ సహచరులతో కలిసి సూక్ష్మదర్శినితో పరీక్షించారు. అందులో గడ్డిజాతి మొక్కల సిలికా రేణువులు కనిపించాయి. 2005లో ప్రకటితమైన ఈ ఫలితం శాస్త్రలోకాన్ని ఆశ్చర్యపరచింది. ఎందుకంటే గడ్డి రాక్షసబల్లులు అంతరించిన తరువాతనే పుట్టిందని అంతవరకు భావించేవారు. 2011లో వరి తెగకు చెందిన మొక్కల జాడలు సైతం అక్కడి శిలామలంలో వెల్లడయ్యాయి. నేటి మన అన్నానికి దూరపు చుట్టాన్ని ఆనాటి రాక్షసబల్లి నమిలిందన్నమాట!

ఆశ్చర్యంతోపాటు వినయాన్ని కూడా ఈ శాస్త్రం నేర్పుతుంది. 1923లో మంగోలియాలో గుడ్ల గూటిపై ఒక అస్థిపంజరం దొరికింది. ఆ గుడ్లు వేరొక జంతువువని తలచి, మరుసటి యేడు దానికి 'గుడ్ల దొంగ' అనే అర్థం వచ్చేలా ఓవిరాప్టర్ అని పేరు పెట్టారు. పేరు పెట్టిన ఆస్‌బోర్న్ సైతం అది తప్పుదారి పట్టించవచ్చునని హెచ్చరించాడు. 1993లో అదే రకం గుడ్డులో ఆ కుటుంబానికే చెందిన పిండం కనబడింది. దొంగ అనుకొన్నది నిజానికి తన గుడ్లను కాచుకొంటున్న జీవి! శమంతకమణి కథలో శ్రీకృష్ణునికి వచ్చిన నీలాపనింద వంటిదే ఇది. నామకరణ నియమాల వలన పేరు మారలేదు గాని, సాక్ష్యం దొరకగానే శాస్త్రజ్ఞులు తమ అభిప్రాయాన్ని మార్చుకొన్నారు.

రాక్షసబల్లులపై మోజు సినిమాలు, బొమ్మల వ్యాపారం కల్పించినదేనని కొందరి ఆక్షేపణ. అందులో కొంత నిజం లేకపోలేదు. బొమ్మ దగ్గరే ఆగిపోయిన ఇష్టం వట్టి కాలక్షేపమే. అది 'ఇది ఎలా తెలిసింది?' అనే ప్రశ్నగా మారినప్పుడే విజ్ఞానమవుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి తెలుగు విద్యార్థి విదేశాలకు పోనక్కరలేదు. గోదావరి లోయలోని యామన్‌పల్లి వద్ద దొరికిన ఎముకల ఆధారంగా 1988లో కోటసారస్‌కు నామకరణం జరిగింది. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టారు. అదే లోయలో పోచంపల్లి వద్ద లభించిన బారాపాసారస్ పేరులో రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు కూడా చేరింది. 1961లో, ఆయన శతజయంతి సంవత్సరంలో ఆ త్రవ్వకాలు సాగుతుండటమే అందుకు కారణం.

శిలాజం తనంత తాను మాట్లాడదు. చూచే కన్ను లేకపోతే అది కంకరరాళ్లలో కలిసిపోతుంది. చేలగట్టున దొరికిన వింతరాయిని తెచ్చి చూపే పిల్లవానిని 'పారవేయి' అని కసరే పెద్దలు అటువంటి కన్నునే మూసివేస్తున్నారు. 'ఇది ఏమై ఉంటుంది?' అని వానితో కలిసి ఆలోచించడమే పెద్దరికం.