మాయ ఒకటా, రెండా?

కడుపులో కవలలున్నారని తెలిసిన రోజున మన నిజామాబాదు ఇళ్లలో రెండు ప్రశ్నలు తప్పవు. అంటుకున్న అరటిపండు తిన్నావా అన్నది మొదటిది. దానితో ఎవరికీ నష్టం లేదు. ఆడా, మగా అన్నది రెండవది. ఆ సంగతి చెప్పడమూ, చెప్పించుకోజూడటమూ 1994 నాటి చట్టం ప్రకారం నేరం. అడిగి తీరవలసిన ప్రశ్నను మాత్రం ఎవరూ అడగరు: మాయ ఒకటా, రెండా?

రెండు మాయలుంటే ఎవరి పోషణ వారిది. ఇద్దరికీ ఒకే మాయ అయితే అందులోని రక్తనాళాలు కలిసిపోయి ఉంటాయి. అటువంటి గర్భాలలో నూటికి పది, పదిహేనింటిలో రక్తం ఒక బిడ్డ నుండి రెండవ బిడ్డకు ఏకపక్షంగా తరలిపోతుంది. ఇచ్చే బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఇంకిపోతుంది. పుచ్చుకునే బిడ్డ సుఖంగా ఉంటుందనుకోవద్దు. దాని చుట్టూ నీరు పొంగి, గుండె భారం మోయలేక అలసిపోతుంది. తీవ్రదశలో చికిత్స లేకుండా వదిలివేస్తే చాలావరకు ఇద్దరూ దక్కరు.

నా ఆక్షేపణ స్కానింగ్ రిపోర్టుల మీద. కవలలు, ఇద్దరి గుండె చప్పుడూ బాగున్నదని రెండు ముక్కలు వ్రాసి ముద్ర వేసిన కాగితాలు నా చేతికి ఎన్నో వచ్చాయి. బిడ్డల మధ్యనున్న పొర మాయను తాకే చోటు చూస్తే చాలు. అక్కడ మాయ ముక్కోణంలా పొరలోకి చొచ్చుకొని వస్తే మాయలు రెండు. పలుచని పొర నిలువుగా వచ్చి తాకితే ఒకటే. 11 నుండి 14 వారాల లోపు ఇది చక్కగా కనిపిస్తుంది. అయిదవ నెలలో టిఫా చేయిస్తాములే అనేవారు గమనించాలి, అప్పటికి ఈ గుర్తు మసకబారుతుంది. యంత్రం లేక కాదు, వ్రాసే అలవాటు లేకనే ఈ లోపం.

బోధన్ వైపు పల్లె నుండి ఒక గర్భిణిని అయిదవ నెలలో తీసుకొనివచ్చారు. వారంలో పొట్ట ఎనిమిది నెలలంత పెరిగింది, పడుకుంటే ఊపిరాడదు. "జంట పిల్లలు గద సారు, మంచిగ పెరుగుతున్నరు" అన్నది అత్తగారు సంబరంగా. పెరిగింది పిల్లలు కాదు, నీరు. వెంట తెచ్చిన రెండు రిపోర్టులలోనూ మాయ ఊసే లేదు. ఇద్దరు బిడ్డలలో ఒక్కరూ దక్కలేదు.

ఒకే మాయ అని తేలితే 16వ వారం నుండి రెండు వారాలకొకసారి స్కానింగ్ జరగాలి. ముప్పు పసిగడితే, సాధారణంగా 16 నుండి 26 వారాల మధ్య, గర్భంలోకి సన్నని గొట్టం పంపి ఆ రక్తనాళాలను లేజరుతో మూసివేస్తారు. 2004లో ప్రచురితమైన ఐరోపా పరిశోధనలో లేజరు పొందినవారిలో 76 శాతం మందికి కనీసం ఒక బిడ్డ 28 రోజులు దాటి బతికింది. ఉమ్మనీరు తోడివేయించుకున్నవారిలో 56 శాతం మందికే. ఇందుకు హైదరాబాదు పోవాలి, బోధన్ నుండి దాదాపు 200 కిలోమీటర్లు. ముందుగా తెలియనివారు ఆ దూరం ఎప్పుడు దాటగలరు?

2015లో చక్కెర కర్మాగారం మూతపడిన ఆ ఊళ్లో పదిహేను రోజులకొక రోజు కూలి వదులుకోవడం ఎంత కష్టమో నేనెరుగుదును. 102 వాహనం ఉన్నది, ఆశా కార్యకర్త ఉన్నది. ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో చెప్పే మాటే రిపోర్టులో లేదు. మీ కాగితంలో మోనోకోరియానిక్ అనిగాని, డైకోరియానిక్ అనిగాని ఉన్నదేమో చూడండి. లేకపోతే వ్రాయించుకొనే వరకు అక్కడి నుండి కదలకండి. పొట్ట ఉన్నట్టుండి బిగిసినా, ఆయాసం వచ్చినా తరువాతి తేదీ వరకు ఆగకండి, ఆ రోజే బయలుదేరండి.