1870 గోడకు అవతల

వంశవృక్షం అనగానే మనకు గోత్రం, ఇంటిపేరు, కులగౌరవం స్ఫురిస్తాయి. పూర్వికుల జాబితా ఇక్కడ చాలావరకు ఆధిక్యానికి ధ్రువపత్రం. అమెరికా నల్లజాతీయుల చేతిలో మాత్రం అది పేరే లేకుండా చేసిన రాజ్యాన్ని నిలదీసే సాధనమైంది.

1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు విడిగా పట్టికలు ఉండేవి. యజమాని పేరు రాసి, దాని కింద బానిసల వయసు, లింగం, రంగు నమోదు చేసేవారు. అరుదుగా తప్ప వారి పేర్లు రాయలేదు. 1860 నాటికి వారి సంఖ్య దాదాపు 40 లక్షలు. విముక్తి అనంతరం, 1870 లెక్కల్లోనే వారిలో అత్యధికులు తొలిసారి సొంత పేర్లతో కనిపించారు. అంతకు వెనక్కి వెళ్లబోయే వారసులకు ఆ సంవత్సరం గోడలా అడ్డు నిలుస్తుంది.

ఆ గోడను దాటే ప్రయత్నాలకు సంస్థాగత రూపం ఇచ్చినవాటిలో ముఖ్యమైనది ఆఫ్రో-అమెరికన్ హిస్టారికల్ అండ్ జీనియలాజికల్ సొసైటీ. 1977 మే నెలలో వాషింగ్టన్‌లో అది ఏర్పడింది. దాని స్థాపనకు సారథ్యం వహించిన జేమ్స్ డెంట్ వాకర్ జాతీయ అభిలేఖాగారంలో పనిచేసినవారు. ఆ ఏడాది జనవరిలోనే అలెక్స్ హేలీ ‘రూట్స్’ టెలివిజన్‌లో ప్రసారమై కోట్లాదిమందిని కదిలించింది. ఆ కదలికను ఆధారాలతో కూడిన పరిశోధనగా మలచడమే ఇలాంటి సంఘాల పని. నేడు అనేక నగరాల్లో సొసైటీ శాఖలున్నాయి.

ఈ అన్వేషణలో ఒక చేదు వైచిత్రి ఉంది. తన ముత్తవ్వ పేరు తెలియాలంటే ఆమెను కొన్నవాడి కాగితాలు వెతకాలి. వీలునామాల్లో, ఆస్తి పంపకాల్లో, పశువుల పక్కన ఆమె పేరు ఉండవచ్చు. 1865లో విముక్తుల కోసం నెలకొల్పిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు 1874లో కుప్పకూలి పేదల పొదుపును ముంచేసింది. అయితే ఖాతాదారుల తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు నమోదైన దాని దస్తావేజులు నేడు వారసులకు పెన్నిధి. ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో పత్రాల నుంచి దాదాపు 18 లక్షల పేర్లను వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు 2015–16లో సూచికకు ఎక్కించారు. ఆ కృషిలో ఈ సొసైటీ భాగస్వామి.

దీన్ని గతాన్ని తవ్వుకునే కాలక్షేపంగా కొట్టిపారేయలేం. 1838లో మేరీల్యాండ్ జెస్యూట్లు 272 మంది బానిసలను అమ్మి, ఆ సొమ్ములో కొంత జార్జ్‌టౌన్ కళాశాల అప్పులకు చెల్లించారు. ఆ విక్రయ పత్రాల్లో పేర్లున్నాయి. వాటి ఆధారంగా వంశ పరిశోధకులు వారసులను గుర్తించారు. 2017లో ఆ విశ్వవిద్యాలయం వారి ఎదుట క్షమాపణ చెప్పి, జాబితాలో మొదటివాడైన ఐజాక్ హాకిన్స్ పేరును ఒక భవనానికి పెట్టింది. పేరు దొరికాకే వారసుడు దొరికాడు. వారసుడు దొరికాకే బాధ్యత అనే ప్రశ్నను తప్పించుకోవడం కష్టమైంది.

బానిసత్వమూ కులమూ ఒకటి కావు. కానీ ఎవరి పూర్వికులను కాగితం గుర్తుంచుకుంది, ఎవరిని సరుకుగా మాత్రమే లెక్కించింది అన్న ప్రశ్న రెండుచోట్లా రాజకీయమే. వంశగౌరవాన్ని చాటుకునే సమాజం, పేరు కోసం వెతుక్కునేవారి ముందు కాసేపు తలవంచుకోవాలి.