బండి మనది, కోడ్ వాళ్లదా?

జేసీబీ ఓనర్లకు, ఆపరేటర్లకు, డీజిల్ మెకానిక్కులకు, వాళ్ల ఓట్లు అడిగే వాళ్లకు

చెరువు పూడికలు, లేఅవుట్లు, చేపల చెరువుల గట్లు, అన్నీ వానలు పడకముందే అయిపోవాలని ఒక్కసారే మీదపడే నెలల్లో ఇంజెక్టర్ పోయిన బండి బకెట్ నేలకానించి రోజుల తరబడి నిలబడిపోతోంది. పార్టు దొరకలేదా అంటే దొరికింది, ఆటోనగర్‌లో సాయంత్రం బస్సుకు వేస్తే తెల్లారేసరికి చేతికొచ్చింది. బిగించే మనిషి లేడా అంటే ఉన్నాడు, మధ్యాహ్నానికల్లా బిగించేశాడు. అయినా ఇంజన్ నిలకడగా తిరగదు, టకటకమంటుంది, లోడ్ మీద పెడితే నల్లపొగ కక్కి నీరసపడుతుంది. కొత్త ఇంజెక్టర్ నెత్తిన చెక్కి ఉన్న కోడ్ ఇంజన్ కంప్యూటర్‌లోకి ఎక్కలేదు మరి. ఎక్కించే దారి కంపెనీ సర్వీస్ ఇంజనీర్ ల్యాప్‌టాప్‌లో ఉంది, ఆయన పక్క జిల్లాలో ఇంకో బండి దగ్గర ఉన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడం లేదు. డబ్బు పెట్టి కొన్న యంత్రంలో అరిగిన పార్టును, డబ్బు పెట్టి కొన్న కొత్త పార్టుతో మార్చుకునే పని ఆసాంతం ఓనరు చేతిలో, అతను నమ్మిన మెకానిక్ చేతిలో ఉండాలని చట్టం చెప్పాలి. మేము అడిగేది ఇంతే.

మెకానికల్ పంపు ఉన్న పాత బండ్లకు ఈ తిప్పలు లేవు. నాజిల్ పోతే ఊడదీసి పంపు సర్వీస్ షాపులో టెస్ట్ బెంచి మీద పెట్టి, స్ప్రే చూసి, షిమ్ మార్చి ఒత్తిడి సరిచేసి తిరిగి బిగించేవాళ్లు. ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లు పలాస నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉన్నారు. 2021 ఏప్రిల్ 1 నుంచి చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు నాలుగో దశ కాలుష్య నిబంధనలు వచ్చాయి, వాటితోపాటు మన జేసీబీల్లోకి కామన్ రైల్ ఇంజన్, దాన్ని నడిపే కంప్యూటర్ వచ్చాయి. నిబంధనలతో మాకు పేచీ లేదు, ఆ పొగ పీల్చేది మన ఆపరేటర్లే. కాకపోతే ఈ ఇంజెక్టర్ సున్నితం సంగతి తెలుసుకోవాలి. కామన్ రైల్‌లో డీజిల్ 1,600 బార్ల ఒత్తిడితో, కొన్ని ఇంజన్లలో ఇంకా ఎక్కువతో ఉంటుంది. ఇంజెక్టర్ లోపల కదిలే సూదికీ దాని గూటికీ మధ్య ఉండే సందు రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండో మూడో. మనం పోసేదేమో క్యాన్లలో తెచ్చి, సైటు దుమ్ములో మూత తీసి, గరాటా పెట్టి పోసే డీజిల్. అందులోని తడి, నలక ఫిల్టర్ దాటితే చాలు, సూది అరుగుతుంది. కాబట్టి ఇంజెక్టర్ మార్చడమన్నది ఎప్పుడో ఒకసారి వచ్చే గండం కాదు, కామన్ రైల్ బండి బతికినంత కాలం వచ్చే మామూలు ఖర్చు.

అరిగినదాన్ని పట్టుకోవడం కూడా పెద్ద విద్యేమీ కాదు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి, నాలుగు సీసాల్లోకి వదిలి ఇంజన్ కాసేపు తిప్పితే, అరిగినదాని సీసా మిగతావాటికంటే ముందు నిండుతుంది. దాన్ని ఊడదీసి, కింద కొత్త రాగి వాషర్ వేసి, చెప్పిన టార్క్‌కు బిగిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కోడ్. ఏ రెండు ఇంజెక్టర్లూ అచ్చం ఒక్కలా తయారుకావు. ఒకటి చుక్క ఎక్కువ వదులుతుంది, ఒకటి తక్కువ. ఫ్యాక్టరీలో ప్రతిదాన్నీ కొలిచి ఆ తేడాను అంకెలు, అక్షరాలుగా దాని మీదే చెక్కుతారు. దాన్ని చదువుకుంటే కంప్యూటర్ ఏ సిలిండర్‌కు ఎంతసేపు డీజిల్ వదలాలో సర్దుకుంటుంది. చదువుకోకపోతే పాత ఇంజెక్టర్ లెక్కతోనే కొత్తదాన్ని నడుపుతుంది.

ఇక్కడ అసలు దగా చూడండి. కోడ్ రహస్యం కాదు, మనం కొన్న పార్టు మీదే చెక్కి ఉంది, కళ్లద్దాలు పెట్టుకుంటే ఎవరైనా చదవొచ్చు. మన బండి కంప్యూటర్ కూడా మనదే, దాని ధర కలిపే బిల్లు వేశారు. ఈ రెంటి మధ్య ఉన్న టైపు చేసే తలుపు ఒక్కటే వాళ్లది. ఆ తలుపు దగ్గర కూర్చుని మూడు రకాలుగా వసూలు చేస్తున్నారు. వచ్చినందుకు విజిట్ చార్జీ ఒకటి. బయట కొన్న ఇంజెక్టర్‌కు కోడ్ ఎక్కించబోమని, తమ డబ్బాలోదే కొనమని బలవంతం రెండోది. పార్టు తయారుచేసిన కంపెనీ ఒకటే అయినా డబ్బా మారితే ధర మారుతుందని ఈ రంగంలో తెలియనివాడు లేడు. మూడోది, అన్నిటికంటే బరువైనది, మన సమయం. గంటకు 1,200 రూపాయల కిరాయి, రోజుకు ఎనిమిది గంటల పని అనుకున్నా మూడు రోజులు ఆగితే 28,800 రూపాయలు పోయినట్టు. ఆపరేటర్ జీతం, బాటా ఆగవు. ఫైనాన్స్ కంపెనీ వాయిదా అసలే ఆగదు. సైటు మేస్త్రి ఇంకో బండిని పిలుచుకుంటాడు, ఆ బండి వచ్చే సీజన్‌కు కూడా అక్కడే ఉంటుంది. ఇంజనీర్ రావడం ఆలస్యమైనందుకు కంపెనీకి మాత్రం ఒక్క రూపాయి నష్టం లేదు. ఎన్ని రోజులు ఆగినా నష్టమంతా ఒకవైపే పడుతుంటే ఆ ఆలస్యం ఎప్పటికీ తగ్గదు.

ఈ భయంతోనే ఓనర్లు అరిగిన ఇంజెక్టర్‌తో ఇంకో వారం, ఇంకో పది రోజులు లాగిస్తున్నారు. దాని ఫలితం ప్రతి మెకానిక్ షెడ్‌లోనూ కనిపిస్తుంది. సూది సరిగా మూసుకోక కారిన డీజిల్ లైనర్ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది, పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. కొన్నిసార్లు పిస్టన్ నెత్తే కాలి బొక్కపడుతుంది. ఒక్క ఇంజెక్టర్‌తో పోవాల్సింది ఇంజన్ మొత్తం విప్పడం దాకా వస్తుంది. అప్పుడు మళ్లీ పార్టులు అమ్ముకునేది ఎవరు?

ఇది చట్టం ముందు నిలబడని దందా అని మన దేశంలోనే ఎప్పుడో తేలింది. కార్ల విడిభాగాలను, రిపేరు సమాచారాన్ని, స్కానర్లను బయటి మెకానిక్కులకు అందకుండా తొక్కిపట్టినందుకు కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. కారు అమ్మిన కంపెనీయే ఆ కారు విడిభాగాల మార్కెట్‌కు ఏకైక యజమానిగా మారి పెత్తనం చేయడం తప్పని అందులోని సారం. అప్పీళ్లలో ఆ జరిమానా ఏమైందన్నది వేరే కథ, తప్పు తప్పే. అమెరికాలో మసాచుసెట్స్ ప్రజలు 2012లో ఓటు వేసి మరీ కార్ల రిపేరు హక్కు తెచ్చుకున్నారు. 2023లో కొలరాడో రాష్ట్రం ట్రాక్టర్లకు, కోత యంత్రాలకు అదే హక్కు ఇస్తూ చట్టం చేసింది. ట్రాక్టర్ల దిగ్గజం జాన్ డీర్ మీద ఇదే రిపేరు తాళం విషయంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో కోర్టుకెక్కింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022లో కమిటీ వేసి, రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఇంటి సామాన్లు, ఆటోమొబైల్స్ అని నాలుగు రంగాలు పెట్టింది. మట్టి తవ్వే బండికి ఆ జాబితాలో పేరు పెట్టి చోటివ్వలేదు. రిజిస్ట్రేషన్‌కు, పన్నుకు మన జేసీబీ మోటారు వాహనమే. రిపేరు హక్కు దగ్గరికొచ్చేసరికి అది ఎవరికీ పట్టని యంత్రం! వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే వ్యాపారం కోసం కొన్నారు కదా అంటారు. 2019 చట్టంలో స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవాళ్లు వినియోగదారులేనని రాసి ఉంది. రెండు బండ్లు, ముగ్గురు ఆపరేటర్లు ఉన్నవాడు దాన్ని రుజువు చేసుకునేసరికి బండ్లు తుక్కుకు పోతాయి.

కంప్యూటర్ తెరిచి ఇస్తే కాలుష్య నియంత్రణను తీసిపారేస్తారన్నది కంపెనీల పెద్ద వాదన. దీన్ని కొట్టిపారేయలేం, అలాంటి పనులు చేసేవాళ్లు ఉన్నారు. కానీ ఇంజెక్టర్ కోడ్ ఎక్కించడం, లోపాల కోడ్లు చదవడం ఒక పని. ఇంజన్ మ్యాపులు మార్చడం పూర్తిగా వేరే పని. మొదటిదాన్ని తెరిచి రెండోదానికి తాళం ఉంచడం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు కష్టమేమీ కాదు, రెంటినీ ఒకే తాళం కింద పెట్టడం వాళ్లు కావాలని చేసిన ఏర్పాటు. పైగా కోడ్ ఎక్కని ఇంజెక్టర్ వదిలే నల్లపొగ ఏ కాలుష్య నిబంధనను కాపాడుతోంది? తాళం వేసినా దొంగ సాఫ్ట్‌వేర్‌తో తిరిగే ల్యాప్‌టాప్‌లు ఊరూరా ఉన్నాయి, నిజాయితీగా కొనుక్కుందామన్న మెకానిక్‌కు మాత్రం అమ్మరు. చట్టబద్ధంగా అమ్మితే ఎవరు ఏ బండిలో ఏం మార్చారో రికార్డు కూడా ఉంటుంది. బయటి మెకానిక్కులకు చదువు లేదనేవాళ్లకు ఒక్క మాట: ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ కోర్సు నడిపి సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వమే. వారంటీ గొడవంటారా, అది తీరిన బండి సంగతే మాట్లాడుతున్నాం. నకిలీ పార్టుల భయమంటారా, అసలు పార్టును అందుబాటు ధరకు అమ్మితే నకిలీ దానంతటదే పోతుంది.

ఆలస్యం చేసేకొద్దీ ముడి బిగుసుకుంటుంది. 2025 జనవరి 1 నుంచి ఐదో దశ నిబంధనలు వచ్చాయి, సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టర్ వచ్చి కూర్చుంది. అది పూడుకుపోతే కాల్చి శుభ్రం చేయించడానికి కూడా మళ్లీ ఆ ల్యాప్‌టాపే దిక్కయ్యే రోజు వచ్చేసింది. కాబట్టి కేంద్రం నిర్మాణ యంత్రాలను పేరు పెట్టి చేర్చి, పోర్టల్‌తో సరిపెట్టకుండా చట్టమే చేయాలి: విడిభాగాల ధరలు బహిరంగంగా పెట్టాలి, కోడ్ ఎక్కించే పరికరాన్ని ఏ మెకానిక్కైనా కొనగలిగే ధరకు అమ్మాలి, బయట కొన్న అసలు పార్టుకు కోడ్ నిరాకరించడం నేరం కావాలి. ఢిల్లీ కదిలేదాకా మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మున్సిపాలిటీలు, నీటిపారుదల శాఖ, సింగరేణి ప్రజల డబ్బుతో యంత్రాలు కొంటూనే ఉన్నాయి. రిపేరు సాఫ్ట్‌వేర్, కోడ్ ఎక్కించే అనుమతి యంత్రంతో పాటే అప్పగించాలన్న షరతు టెండర్‌లో పెడితే, ఆ ఆర్డర్ వదులుకునే కంపెనీ ఉండదు. ప్రభుత్వ బండికి ఇచ్చినదాన్ని మన బండికి ఇవ్వలేమని తర్వాత ఏ ముఖం పెట్టుకుని చెబుతారు? మనం చేయాల్సింది కూడా ఉంది. కొత్త బండికి అడ్వాన్స్ కట్టే ముందు, వారంటీ తీరాక ఇంజెక్టర్ కోడ్ బయట ఎక్కించుకోవచ్చా లేదా అన్నది డీలర్ చేత కాగితం మీద రాయించుకోవాలి, రాయనివాడి దగ్గర కొనకూడదు. కోడ్ కోసం బండి ఆగిన ప్రతిసారీ ఫోన్ చేసిన తేదీ, ఇంజనీర్ వచ్చిన తేదీ, విజిట్ చార్జీ బిల్లు జాగ్రత్తపరిచి మండల ఓనర్ల సంఘంలో ఇవ్వాలి. ఆ కాగితాలన్నీ కలిపి కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు పెట్టే పని జిల్లా సంఘాలది. అది వచ్చే సీజన్ మొదలయ్యేలోపే జరగాలి.