మాట్లాడే జంతువులు పిల్లల సొత్తు కాదు

జంతువులు మాట్లాడే కథ అనగానే అది పిల్లల పుస్తకమనీ, చివర ఓ నీతి ఉంటుందనీ మనం తీర్మానించేస్తాం. అమలాపురంలోనైనా రాజోలులోనైనా బాగా చదువుకున్నవాళ్లే ఈ మాట అంటారు. ఇంగ్లీషువాళ్లు ఇదే పద్ధతిలో గొప్ప నవలలు రాశారనీ, మనం నీతికథల దగ్గరే ఆగిపోయామనీ పైన ఓ నిట్టూర్పు. రెండూ తప్పే.

చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో మిత్రభేదం తీయండి. పింగళకుడనే సింహానికీ సంజీవకుడనే ఎద్దుకీ కుదిరిన స్నేహాన్ని దమనకుడనే నక్క వట్టి మాటలతో విరిచేస్తుంది. సింహం చేతిలో ఎద్దు చస్తుంది. నక్కకు శిక్ష లేదు. ఇందులో పసివాళ్లకు చెప్పే నీతి ఏది? ఎనిమిదో శతాబ్దంలో ఈ కథల ప్రాచీన మూలాన్ని అరబ్బీలోకి తెచ్చిన ఇబ్న్ అల్ ముఖఫ్ఫా, నక్కను విచారించి శిక్ష వేసే అధ్యాయాన్ని కొత్తగా చేర్చాడు. మన మూలం అంత కటువైనది. ఆర్వెల్ 1945లో యానిమల్ ఫామ్‌లో సృష్టించిన స్క్వీలర్ అనే పంది అచ్చంగా దమనకుడి వంశమే. ఇద్దరి బలమూ నాలుకలోనే ఉంది.

అన్నా సీవెల్ బ్లాక్ బ్యూటీ (1877) దారి వేరు. గుర్రం తన కథ తానే చెప్పుకుంటుంది, నవలలోని మనుషులకు మాత్రం అది వినపడదు. సంక్రాంతికి మన వీధుల్లో గంగిరెద్దు తల ఊపుతుంది, మాటలన్నీ ఆడించేవాడివే. సీవెల్ ఈ వరసను తిరగేసింది. సోకు కోసం బండిగుర్రాల తలలు పైకి బిగించి కట్టే పగ్గం ఎంత నరకమో గుర్రం చేతే చెప్పించింది. గుర్రాలతో పనిచేసేవాళ్ల కోసం రాసిన ఆ నవలను పిల్లల అరలోకి తోసింది తర్వాతి లోకం.

జాషువా గబ్బిలం (1941) వీటన్నిటికన్నా దూరం వెళ్లింది. ఇక్కడ జంతువు పలకదు. గుడి గడప తొక్కనివ్వని మనిషి, అదే గుడిలో అడ్డు లేకుండా వేలాడే గబ్బిలానికి తన గోడు వినిపించి, కాశీలోని శివుడికి చెప్పమంటాడు. చుట్టూ ఇంతమంది మనుషులుండగా వినడానికి గబ్బిలమే దిక్కయింది. ఇంత బరువు మోసిన కల్పనను నేను చదివిన ఇంగ్లీషు జంతు నవలల్లో చూడలేదు. మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకాన్ని దీని పక్కన పెట్టుకుని చదవండి, ఆ గోడు అక్కడ మనుషుల ఎదుటే పలుకుతుంది.

కోనసీమ కాలేజీల్లో తెలుగు, ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం. మిత్రభేదాన్నీ యానిమల్ ఫామ్‌నూ కలిపి చెప్పండి. ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అన్న ప్రశ్నను పరీక్ష కాగితంలోంచి తీసేసి, దమనకుడి మాటను సింహం ఎందుకు నమ్మిందో అడగండి.