డబ్బా మోసేటోళ్లను కూడా అడగాలె

మెదక్ దగ్గర ఘనపురం ఆనకట్ట కింద వరికి మందు కొట్టేది ఎవరు? ఎక్కువగా మన వాడలోళ్లమే. ఏ మందు కొట్టాలో తేల్చేది మాత్రం పటేలు, మందుల దుకాణపాయన. కండ్లు మండేది మనకు, కడుపుల తిప్పేది మనకు.

ఈ విషానికి బదులు మన కాళ్ల కింది మట్టిలనే ఉన్నది. సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి పొడిని కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టిస్తే వరిల అగ్గితెగులు, పొడతెగులు తగ్గుతయి. బీటీ అనేది ఇంకో జీవి. పట్టుపురుగులను చంపుతున్నది ఇదేనని 1901లో జపానులో కనిపెట్టిన్రు. ఆకుతో పాటు దీన్ని తిన్న లద్దెపురుగు పేగులు చిల్లులుపడి చస్తది. మనిషి కడుపుల ఆ విషం పారదు. ఎండకు చెడిపోతది గనుక సాయంత్రం కొట్టాలె, అదీ పురుగు చిన్నగున్నప్పుడే. ముదిరినంక కొట్టి పనిచేయలేదంటే ఎట్లా?

మట్టిల జీవి ఎవరి సొత్తు? దాని జన్యువును పత్తిగింజల పెట్టి 2002 నుంచి మన దేశంల అమ్ముతున్నరు. గులాబీ పురుగు దానికి అలవాటు పడ్డది. మళ్లీ విషపు డబ్బా మన వీపుకే ఎక్కింది.

జహీరాబాదు దిక్కు పస్తాపూర్ చుట్టుపక్కల దళిత మహిళా సంఘాలు సొంత విత్తనంతో, కలిపి వేసిన పంటలతో విషం లేని సేద్యం చేసి చూపించినయి.

మేం అడిగేది రెండే. ఈ పొడులు పాసుపుస్తకం లేని కౌలుదారుకూ ఇయ్యాలె. శిక్షణకు మందు కొట్టే కూలీలనూ పిలవాలె. వానకాలం నార్లు పోయకముందే ఇది కాగితం మీద రాసి, వేలిముద్రలేసి, మెదక్ వ్యవసాయ ఆఫీసుల ఇద్దాం.