సున్నం లేని ఎస్టిమేటు

పోయిన ఆదివారం పూజ అయ్యాక మా కతోలిక గుడి గుమ్మంలో ఒక కాగితం పంచారు. పైన ‘దేవాలయ పునరుద్ధరణ, అంచనా వ్యయం’ అని ఉంది. గోడలకు మనిషెత్తు వరకు విట్రిఫైడ్ టైల్స్. నేలమీది నాపరాళ్లు పీకేసి అక్కడా అవే. పైన పీఓపీ సీలింగు, అందులో రంగురంగుల ఎల్‌ఈడీ లైట్లు. పాత పీఠం తొలగించి గ్రానైట్ పీఠం. ముఖద్వారానికి సిమెంటు ఆర్చి. ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండుసార్లు చదివాను. సున్నం అన్న మాట ఎక్కడా లేదు. పునాది నుంచి గంటగోపురం దాకా సున్నంతోనే నిలబడ్డ గుడికి చేయబోయే మరమ్మతు ఇది!

ఊరి పేరు రాయను. రాస్తే రేపు పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి. అదీగాక, ఈ జబ్బు ఆ ఒక్క ఊరిదే అయితే ఇంత రాయాల్సిన పనే లేదు. గుంటూరు వైపు మిల్‌హిల్ గురువులు, కృష్ణా వైపు మిలాను నుంచి వచ్చిన గురువులు, విశాఖ వైపు ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు కట్టించిన గుళ్లు వందేళ్లు దాటి ఇంకా నిలబడి ఉన్నాయి. నమూనా వాళ్లది, సున్నం మన మేస్త్రీలది. ఇప్పుడు ఏ పాత విచారణకు (పారిష్‌కు) వెళ్లినా ఇదే కాగితం, అంకెలు మాత్రమే వేరు.

పల్నాడులో సున్నానికి కరువొచ్చిందా? పిడుగురాళ్ల అనగానే ఎవరికైనా సున్నం బట్టీలే గుర్తొస్తాయి. ఆ బట్టీలకు కూతవేటు దూరంలో ఉండి సిమెంటు బస్తాలు దించుకుంటున్నాం. ఇది నా పాత గోడే, ఈ శీర్షిక చదివేవాళ్లకు కొత్త కాదు. అయినా మళ్లీ చెబుతాను. గుడి కమిటీల్లో ఈ పత్రిక ఎవరూ చదువుతున్నట్టు లేదు.

పాత గుడి గోడ మందంగా ఉంటుంది. రాయి, ఇటుక, మధ్యలో డంగు సున్నం. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి విరిచి, నానబెట్టి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నలగ్గొడితే వచ్చే ముద్ద అది. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయలు నానబెట్టిన నీళ్లు పోసేవాళ్లు. పైపూత నునుపుకు కోడిగుడ్డు సొన కలిపేవాళ్లు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ అది ఏళ్ల తరబడి గట్టిపడి చివరికి మళ్లీ సున్నపురాయే అవుతుంది. ఆ గోడల అడుగున ఇప్పటి ఇళ్లకు చెమ్మ ఎక్కకుండా వేసే డీపీసీ పట్టీ ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి బయటికి ఆరిపోతుంది. ఆ రాకపోకలు సాగినన్నాళ్లూ గోడకు ఢోకా లేదు.

దానిమీద సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. మూసుకుపోయిందని చెమ్మ ఆగదు, ఇంకా పైకెక్కుతుంది. వెంట తెచ్చిన ఉప్పును పూత వెనక పేర్చుతుంది. ఆ ఉప్పు పేరుకుని పూతను బయటికి తోస్తుంది, పెచ్చులూడతాయి. ‘పాత గోడ కదా’ అని మళ్లీ సిమెంటు. మళ్లీ పెచ్చులు. చివరికి విసిగి టైల్స్. టైల్స్ వెనక ఏం జరుగుతోందో కనపడదు గనక కమిటీకి నిశ్చింత. లోపల, గోడలో దిగిన టేకు దూలాల మొనలు చెమ్మకు మెత్తబడతాయి, చెదలు ఎక్కుతాయి. ఏదో ఒక వానాకాలం కప్పు కుంగుతుంది. అప్పుడు మా పత్రికలోనే ‘శిథిలావస్థలో ప్రాచీన దేవాలయం’ అని ఫొటోతో సహా వార్త వస్తుంది. ఆ పైన పొక్లెయిన్, స్లాబు.

పాత గోవాలో పునీత ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉన్న బోం జీసస్ బసిలికాకు మనవాళ్లు బస్సులు కట్టించుకుని వెళ్తారు. ఎర్రటి గోడల ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. 1605లో ప్రతిష్ఠ చేసిన ఆ గుడికి ఆ ఎరుపు ఆదినుంచీ లేదు. 1950ల్లో బల్తజార్ కాస్త్రో అనే పోర్చుగీసు వాస్తుశిల్పి పాతదనం ఉట్టిపడాలని సున్నపు పూత గీకించేశాడు. కప్పుకోవడానికి పూత లేని లాటరైట్ రాయి అప్పటినుంచి వానావానకూ అరుగుతోంది. తిరిగి పూత వేయండని ఆ బసిలికా గురువులే అడగాల్సి వచ్చింది. అక్కడ పాతగా కనిపించాలన్న మోజు, ఇక్కడ కొత్తగా కనిపించాలన్న మోజు. రెండుచోట్లా వేటు పడింది సున్నం మీదే.

కమిటీలో ఉన్న ఒక కుర్రాణ్ణి ఆపి అడిగాను, ఈ టైల్స్ ఎవరి ఆలోచన అని. ‘‘మన పిల్లలు పెళ్లిళ్లకు గుంటూరు పోతున్నారన్నా, మన గుడి ఫొటోల్లో ముసలిదిగా ఉందంట. రేపు డ్రోను షాట్ ఎట్టుంటదో చూసుకోవాలి గదా’’ అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. దాచకుండా చెప్పాడు. విచారణ గుడికి వాస్తుశిల్పి పెళ్లి ఫొటోగ్రాఫరేనని తెలిసింది, అంతే.

అన్నిటికంటే గుచ్చుకున్నది పీఠం సంగతి. ‘పాత పీఠం తొలగింపు’ అని ఒక్క వరుసలో తేల్చేశారు. ఆ పీఠం తూర్పు గోడకు ఆనుకుని, మెట్లెక్కి చేరుకునే ఎత్తులో ఉంటుంది. మధ్యలో సత్ప్రసాద మందసం, అటూ ఇటూ కొవ్వొత్తుల అరలు, పైన గూళ్లలో మరియమాత, జోజప్పల స్వరూపాలు. గురువూ ప్రజలూ ఒకే దిక్కుకు తిరిగి ప్రార్థించే రోజుల్లో కట్టినది. గుడి మొత్తం దానికోసమే అమరింది. నడవ పొడవు, కిటికీల ఎత్తు, పొద్దుటి వెలుగు పడే చోటు, అన్నీ. పూజ తెలుగులోకి వచ్చి గురువు ప్రజల వైపు తిరిగినప్పుడు ముందు ఒక బల్లపీఠం వేసుకున్నారు. అరవై ఏళ్లుగా ఆ ఏర్పాటుతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఇప్పుడు వెనకున్నదాన్ని పగలగొట్టాల్సిన అవసరం ఎవరికొచ్చింది?

‘వాటికన్ మహాసభ చెప్పింది’ అంటారు. ఏం చెప్పింది? దైవార్చన మీద ఆ సభ చేసిన నిర్ణయం 1963 డిసెంబరు 4న వెలువడింది. అనుకూలంగా 2,147 ఓట్లు, వ్యతిరేకంగా 4. గురువు ప్రజల వైపు తిరగాలని అందులో ఒక్క ముక్క లేదు. పీఠం గోడకు ఎడంగా, చుట్టూ తిరిగే వీలుతో ఉంటే మేలన్న మాట 1964 నాటి అమలు సూచనల్లో వచ్చింది. ఉన్నవాటిని పగలగొట్టమని అక్కడా లేదు. పైగా ఆ 1963 పత్రమే 126వ అంశంలో, విలువైన దేవాలయ వస్తువులు చేజారిపోకుండా, పాడుకాకుండా చూసే బాధ్యతను మేత్రాణుల (బిషప్పుల) మీద పెట్టింది. 1971లో రోము మళ్లీ మేత్రాణుల సభల అధ్యక్షులకు లేఖ రాయాల్సి వచ్చింది, సంస్కరణను సాకుగా చూపి గుళ్లను చెడగొడుతున్నారని. ఎనిమిదేళ్లు తిరక్కుండానే పట్టుకున్న రోగానికి మన దగ్గర ఇంకా మందు వేయలేదు.

ఇంత రాశాక నన్ను లతీను పూజ జట్టులో కలిపేసేవాళ్లుంటారు. ఆ తగాదా నాకు తెలుసు. 2007లో పదహారో బెనడిక్ట్ పోపు పాత లతీను క్రమానికి తలుపులు తెరిచారు. 2021లో ఫ్రాన్సిస్ పోపు ఆ తలుపుల్ని చాలావరకు దగ్గరగా వేశారు. 2025 అక్టోబరులో కార్డినల్ బర్క్ రోము అనుమతితో పునీత పేతురు బసిలికాలోనే పాత క్రమంలో పూజ చేస్తే, ఒక వర్గం పండగ చేసుకుంది, ఇంకో వర్గం ముఖం చిట్లించింది. ఆ పోట్లాట ఫ్రాన్సులో, అమెరికాలో ఉన్నవాళ్లది. మన విచారణల్లో లతీను కావాలని అడిగే నాథుడే లేడు. నాకూ అక్కర్లేదు. మా నాయనమ్మకు లతీను ఒక్క ముక్క రాదు. పీఠం దగ్గర పూజ దాని దారిన అది సాగుతుంటే కింద కూర్చుని తెలుగులో జపమాల చెప్పుకునేది. మన సంప్రదాయం ఆ కింద కూర్చున్నవాళ్ల దగ్గర ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్లు రాయలసీమలో లతీనులో పూజ చేస్తున్న కాలంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ అని క్రీస్తు కథను పద్యాల్లో ప్రబంధం చేశాడు.

1969లో భారతీయ పూజావిధానానికి రోము 12 అంశాలు ఆమోదించింది. చెప్పులు విడవడం, నేలమీద కూర్చోవడం, చేతులు జోడించి వందనం, కొవ్వొత్తుల బదులు నూనెదీపాలు, హారతి. దాని మీద పట్టణాల్లో పెద్ద చర్చలు జరిగాయి. మన పల్లెల్లో చెప్పులు గుమ్మం బయటే ఉండేవి, ఆడవాళ్లొకవైపు మగవాళ్లొకవైపు నాపరాళ్ల మీద కూర్చునేవాళ్లు, దానికి ఎవరి ఆమోదమూ అడగలేదు. ఎండాకాలం ఆ రాళ్లు చల్లగా ఉంటాయి, వానాకాలం కాలు జారదు. రేపు నున్నటి టైల్స్ పరిచాక తడికాళ్లతో వచ్చిన ముసలమ్మలు ఇద్దరు పడతారు. అప్పుడు బెంచీలు వస్తాయి. బెంచీలొచ్చాక కింద కూర్చోవడం నామోషీ అవుతుంది.

టైల్స్‌తో ఇంకో తంటా ఉంది. ఆ గుడి మైకు లేని రోజుల్లో కట్టినది. ప్రసంగ వేదిక నడవ పక్కన ఎత్తుగా, పైన చెక్క గొడుగుతో ఉంటుంది, మాట నలుదిక్కులా వినపడడానికి. పెంకుల కప్పు, దూలాలు, గరుకు గోడలు కాస్త మోతను మింగుతాయి. నున్నటి టైల్స్ వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టు తిప్పికొడతాయి. మాట అర్థం కాదని సౌండు పెంచుతారు, పెంచేకొద్దీ మాట ఇంకా అలుక్కుపోతుంది, ఇంకో రెండు బాక్సులు తగిలిస్తారు. ఇప్పటికే మా గుడిలో కీబోర్డు కుర్రాడు సత్ప్రసాదం నోట్లో కరిగేలోపు ఒక్క క్షణం వేళ్లు ఆపడు. తగిన సమయాల్లో నిశ్శబ్దం పాటించాలని ఆ 1963 పత్రం 30వ అంశంలో ఉంది. పీఠాలు పగలగొట్టడానికి మహాసభను గుర్తుచేసుకునేవాళ్లకు ఈ అంశం గుర్తుకు రాదు.

మరమ్మతంటే ఎలా ఉండాలో చూడండి. పారిస్ నోటర్‌డామ్ గుడి 2019 ఏప్రిల్ 15న తగలబడింది. శిఖరాన్ని కొత్త పోకడలో కట్టిద్దామని ఆ దేశాధ్యక్షుడే మనసుపడ్డా జనం పడనివ్వలేదు. దాదాపు 2,000 ఓక్ చెట్ల కలపతో, పైకప్పు దూలాలను పాతకాలపు పద్ధతిలో గొడ్డళ్లతో చెక్కి, ఉన్నది ఉన్నట్టు నిలబెట్టి 2024 డిసెంబరులో తలుపులు తీశారు. అంత డబ్బు మనకెక్కడిదంటారు. గ్రానైటుకు ఉన్న డబ్బు సున్నానికి లేకపోదు. లేనిది పనివాళ్లు. గానుగ సున్నం తెలిసిన మేస్త్రీల తరం వెళ్లిపోతోంది. వాళ్ల పక్కన నలుగురు కుర్రాళ్లను నిలబెట్టి పని నేర్పించడానికి ఒక్క మేత్రాసనమైనా రూపాయి ఖర్చుపెడితే నేను స్వయంగా వెళ్లి దండ వేసి వస్తాను.

ఇదంతా జరుగుతున్నది చట్టం లేక కాదు. 1983 నాటి శ్రీసభ చట్టంలో 1216వది గుళ్లు కట్టేటప్పుడు, బాగుచేసేటప్పుడు నిపుణుల సలహా తీసుకోమంటుంది. 1189వది పాత, విలువైన స్వరూపాలను రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టుకోవద్దంటుంది. ఆ అనుమతి ఇచ్చే ముందు నిపుణులను సంప్రదించాలంటుంది. మా జోజప్ప స్వరూపానికి ఎనామిల్ పెయింటు వేసింది తలుపులకు రంగేసినతనే. తలుపులూ జోజప్పా ఒకే రంగులో ఉన్నారు.

అదే చట్టంలో 535వది విచారణ పుస్తకాల గురించి. పాత పుస్తకాలను జాగ్రత్తగా కాపాడాలని అందులో ప్రత్యేకంగా ఉంది. పెళ్లిళ్లు పుస్తకంలో రాసి ఉంచాలని త్రెంతు మహాసభ 1563లోనే నియమం పెట్టింది. మా గుడి సాక్రిస్టీ పక్క గదిలో ఒక చెక్క బీరువా ఉంది. అందులో జ్ఞానస్నానాల పుస్తకాలు, లతీనులో, ఎవరో గురువు పొందికైన చేతిరాతలో. బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, ఊరు, తేదీ. సెంటు భూమి లేని మాల, మాదిగ కుటుంబాల పేర్లు ఏ కరణం దస్తరంలో ఉంటాయి? వాళ్ల ముత్తాతలు కాగితం మీద కనిపించేది చాలామందికి ఇక్కడొక్కచోటే. ఈ పనుల్లో ఆ గదిని కూడా కూల్చేస్తారట. పుస్తకాలేం చేస్తారయ్యా అంటే, ‘‘చెదలు పట్టినయ్ అన్నా, ఎవురు చదువుతారు ఆ బాస? కొత్తయ్యన్నీ కంప్యూటర్లో ఎక్కిచ్చినం’’ అన్నారు. దాతల పేర్లు చెక్కడానికి మాత్రం నల్ల గ్రానైటు పలక ఒకటి ఆర్డరిచ్చేశారు, ఎంత ఇస్తే ఎంత సైజు అక్షరమో కూడా ఖాయమైంది.

ఒక ఇనప బీరువా ధర ఎంతో కనుక్కున్నాను. ఆ ఖర్చు నాదేనని విచారణ సంఘానికి రాసిచ్చాను, నా పేరు ఎక్కడా చెక్కనక్కర్లేదని కూడా రాశాను. పాలిటెక్నిక్ చదివే పిల్లలు ఇద్దరు ఫోనుతో పేజీపేజీ ఫొటో తీసి పెడతామన్నారు. ఆ గది తాళం సంఘం పెద్ద తన దగ్గర లేదంటున్నాడు, ఉపదేశి తన దగ్గర లేదంటున్నాడు. ముందు అది ఎవరి దగ్గరుందో తేల్చండి.