ముందు ఇల్లు, తర్వాతే జాతి: చిన్న కుక్కల ఎంపికలో విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

కాలువ నీరు ఆలస్యంగా చేరే ఆయకట్టు చివరి భూములకు సాంబ మసూరిని సిఫారసు చేసే విస్తరణ శాస్త్రవేత్త ఉండరు. బి.పి.టి. 5204గా రైతులందరికీ తెలిసిన ఆ రకం బియ్యానికి ఎంత పేరున్నా, పంటకాలం సుమారు 145 నుంచి 150 రోజులు. పైగా అగ్గితెగులుకు, బాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగే స్వభావం దానిది. నీరు ఆలస్యమైన చోట సుమారు 120 రోజులలో కోతకు వచ్చే ఎం.టి.యు. 1010 వంటి రకం వైపు రైతును మళ్లించడం సాధారణ విజ్ఞత. రకం ఎంత గొప్పదన్న విషయం కంటే, ఆ క్షేత్రానికి తగినదా కాదా అన్నదే అక్కడ ప్రధానం. ఇంటికి కుక్కపిల్లను తెచ్చుకొనే సందర్భంలో మాత్రం ఈ విజ్ఞత చదువుకున్న కుటుంబాలలో సైతం లోపిస్తున్నది.

ఇది వ్యవసాయ విస్తరణ పరిధిలోనికి రాదని కొందరు భావించవచ్చు. పశువైద్యులు ఉండగా ఇతరులు సలహా ఇవ్వడం ఎందుకన్న ప్రశ్న సహజమే. కానీ కుటుంబం పశువైద్యుని వద్దకు వెళ్లేది సాధారణంగా కుక్కపిల్లను కొన్న తరువాత. ఎంపికలో పొరపాటు అప్పటికే జరిగిపోయి ఉంటుంది. కొనడానికి ముందు సలహా చెప్పే స్థానంలో తరచుగా అమ్మకందారు ఒక్కరే ఉంటారు. కృషి విజ్ఞాన కేంద్రాలలో పశు విజ్ఞాన, గృహ విజ్ఞాన నిపుణులు ఉన్నారు. గ్రామీణ, పట్టణ కుటుంబాలతో వారికి నిత్య సంబంధం ఉన్నది. తగని ఎంపిక ఫలితం ఒక్క ఇంటికే పరిమితమైనది కూడా కాదు. పోషించలేక వీధిలో వదిలివేసిన పెంపుడు కుక్క ఎక్కువ కాలం బ్రతకలేదు. బ్రతికినన్నాళ్లు టీకా లేకుండా, సంతాన నిరోధక శస్త్రచికిత్స లేకుండా తిరుగుతుంది. లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ప్రాణాంతకమైన రేబిస్ వ్యాధి దృష్ట్యా ఇది ప్రజారోగ్య సమస్య అవుతుంది.

తెలుగు ప్రాంతాలలో చిన్న కుక్కను ఎంచుకొనేటప్పుడు మొదట పరిశీలించవలసినది వాతావరణం. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీల సెల్సియస్‌ను దాటిన సందర్భాలు ఉన్నాయి. కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీలు. మనిషి వలె ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే అవకాశం దానికి లేదు. స్వేద గ్రంథులు ప్రధానంగా అరికాళ్లలోనే ఉంటాయి. నోరు తెరచి రొప్పుతూ, ముక్కు లోపలి తడి పొరల నుంచి, నాలుక నుంచి నీటిని ఆవిరి చేసి అది వేడిని వదులుకుంటుంది. గాలిలో తేమ అధికంగా ఉంటే ఈ ఆవిరి మందగిస్తుంది. కనుక విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాలలో ఉష్ణమాపకం తక్కువ చూపినంత మాత్రాన కుక్కకు సుఖమని భావించరాదు.

ఈ దృష్టితో పగ్ జాతిని పరిశీలించాలి. చైనాకు చెందిన ఈ జాతి, 2003లో హచ్ మొబైల్ సంస్థ ప్రకటనలో బాలుని వెంట నడిచిన కుక్క మూలంగా భారతదేశమంతటా ప్రసిద్ధి పొందింది. 6 నుంచి 8 కిలోల బరువు, పొట్టి వెంట్రుకలు, పిల్లలతో కలిసిపోయే స్వభావం వలన ఇది చిన్న ఇళ్లకు అనువైనదిగా కనిపిస్తుంది. అయితే మూతిని తరతరాల ఎంపికతో పొట్టిగా చేసినప్పుడు లోపలి మెత్తని కణజాలం అదే నిష్పత్తిలో తగ్గలేదు. ఇరుకైన నాసికా రంధ్రాలు, గొంతుకు అడ్డుపడే పొడవైన మెత్తని అంగిలి దాని ఫలితం. వేడిని వదులుకోవడానికి ఏ మార్గం అవసరమో ఆ మార్గమే మూసుకుపోయింది. ఇంటివారు ముచ్చటపడే గురక నిజానికి శ్వాసకు కలుగుతున్న అడ్డంకి. మూతి మరీ పొట్టిగా ఉన్న కుక్కల ఉత్పత్తిని నెదర్లాండ్స్ చట్టరీత్యా నియంత్రిస్తున్నది. చల్లని దేశం సైతం అంగీకరించని శరీర నిర్మాణాన్ని పల్నాడు ఎండలకు తేవడం సమర్థనీయం కాదు. శీతల యంత్రం ఉన్నదన్న సమాధానం విద్యుత్తు ఉన్నంతవరకే చెల్లుతుంది.

షీ ట్జూ, లాసా ఆప్సో జాతుల మూలాలు టిబెట్‌లో ఉన్నాయి. వాటి పొడవైన జుట్టును ప్రతిదినం దువ్వవలసి ఉంటుంది. లేనిచో చిక్కులు కట్టి, తేమ నిలిచి, చర్మం పుండ్లు పడుతుంది. పిడుదులు కూడా కనిపించకుండా దాగుతాయి. పిడుదుల ద్వారా వ్యాపించే ఎర్లీకియోసిస్, బెబీసియోసిస్ వంటి వ్యాధులు మన వాతావరణంలో సాధారణం. పైగా షీ ట్జూకు మూతి కూడా పొట్టిదే. జుట్టును కురచగా కత్తిరిస్తూ, సమయం వెచ్చించగల ఇంటివారు తప్ప ఇతరులు ఈ జాతులకు దూరంగా ఉండడం మేలు.

డాక్స్‌హండ్‌కు పొట్టి జుట్టు, పొడవైన మూతి ఉన్నాయి కనుక వేడి విషయంలో కొంత మెరుగు. బొరియలలో దాగే జంతువుల వేటకై జర్మనీలో రూపొందిన ఈ జాతి శరీరం పొడవు, కాళ్లు మరీ కురచ. వెన్నుపూసల మధ్య డిస్కులు దెబ్బతినడం, తీవ్రమైనప్పుడు వెనుక కాళ్లు చచ్చుబడడం దీనిలో తరచు కనిపించే సమస్య. లిఫ్టు లేని భవనంలో మూడవ అంతస్తున నివసించే కుటుంబానికి ఇది తగదు. అరుపు కూడా శరీరానికి మించినది. నేలను తవ్వే అలవాటు పెరటి తోటకు నష్టం.

పామెరేనియన్ పేరుతో మన ఊళ్లలో దశాబ్దాలుగా పెరుగుతున్న తెల్లని కుక్కలలో అధిక భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్. మేలైన పామెరేనియన్ బరువు సుమారు 2 నుంచి 3.5 కిలోలు మాత్రమే. బ్రిటిష్ వారి కాలంలో వచ్చిన జర్మన్ స్పిట్జ్ సంతతి నుంచి రూపొందిన ఇండియన్ స్పిట్జ్ ఇక్కడి వేడికి, ఇక్కడి ఆహారానికి చాలావరకు అలవాటుపడింది. ధర కూడా సామాన్యులకు అందుబాటులో ఉంటుంది. అపరిచితులను చూసి విడవకుండా మొరగడం దీని ప్రధాన లోపం. కావలి కోరే విడి ఇంటికి అదే గుణం. పక్క వాటాలో వృద్ధులు, రోగులు ఉన్న సముదాయంలో అదే తగవుకు మూలం. రెండు పొరలుగా ఉండే దాని జుట్టును వేసవిలో నున్నగా గొరిగించడం సరికాదు. రాలే జుట్టును దువ్వి తీసివేయడం సరిపోతుంది.

చిన్న కుక్క అన్న కోరికనే కొంత ప్రశ్నించవలసి ఉన్నది. కుటుంబాలు నిజంగా కోరేది తక్కువ ఖర్చు, తక్కువ జాగా, తక్కువ శ్రమ. ఈ మూడింటికీ కుక్క బరువుతో ఉన్న సంబంధం అనుకున్నంత దగ్గరిది కాదు. చిన్న జాతులలో దంత వ్యాధులు, మోకాలి చిప్ప జారడం వంటి సమస్యలు ఎక్కువ. వాటి ఆయుర్దాయం సాధారణంగా 12 నుంచి 15 సంవత్సరాలు కనుక బాధ్యత కూడా దీర్ఘకాలికమే. పొట్టి వెంట్రుకలు, పొడవైన మూతి, సన్నని దేహం గల దేశవాళీ కుక్క మధ్యస్థ పరిమాణంలో పెరుగుతుంది. కానీ ఈ నేలపై శతాబ్దాల ప్రకృతి ఎంపికకు నిలిచినది అదే. ఉదయం, సాయంత్రం నడిపించగల కుటుంబానికి టీకాలు వేయించిన దేశవాళీ పిల్ల పగ్ కంటే మేలైన ఎంపిక. అయితే రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్ వంటి గుర్తింపు పొందిన దేశీయ జాతులను ఇదే వాదనతో రెండు గదుల ఇంటికి సూచించరాదు. అవి పరుగుకు పుట్టిన వేట కుక్కలు.

కనుక విస్తరణ శాస్త్రవేత్త ప్రశ్నలు జాతితో గాక ఇంటితో మొదలు కావాలి. పగటిపూట ఇంట్లో ఎవరుంటారు? దంపతులిద్దరూ ఉద్యోగులైతే, రెండు నెలల పిల్లను పది గంటలు ఒంటరిగా వదలడం దానికి శిక్షే. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలున్నారా? రెండు కిలోల కుక్క వారి చేతి నుంచి జారిపడితే ఎముక విరుగుతుంది. తడబడి నడిచే వృద్ధుల కాళ్లకు చిన్న కుక్క అడ్డుపడే ప్రమాదమూ ఉన్నది. వంటింటి అలవాట్లు ఏమిటి? పెరుగన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు. ఉల్లి, వెల్లుల్లి పడిన మిగులు కూరలు, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకు హానికరం. ప్రతి సంవత్సరం టీకాలకు, వైద్యానికి డబ్బు కేటాయించగలరా? ఇంటివారు ఊరు వెళితే చూసేవారెవరు? ఈ ప్రశ్నలకు సంతృప్తికరమైన జవాబులు లేని ఇంటికి సరైన సిఫారసు, ప్రస్తుతానికి కుక్క వద్దన్నదే. ఆ మాట చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

కొనుగోలు విషయంలో చట్టం కూడా తోడ్పడుతుంది. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం అమ్మకానికి కుక్కలను ఉత్పత్తి చేసేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదు. నమోదు పత్రాన్ని అడగడం, తల్లి కుక్కను కళ్లారా చూడడం, టీకాల వివరాలు వ్రాతపూర్వకంగా తీసుకోవడం కొనుగోలుదారు హక్కులని ప్రజలకు తెలియజేయాలి. ధ్రువీకరించిన విత్తన సంచిపై చీటీ చూడమని రైతుకు బోధించే వ్యవస్థకు ఇది కొత్త పాఠం కాదు.

తిరుపతి, రాజేంద్రనగర్‌లలోని పశువైద్య విశ్వవిద్యాలయాల సహకారంతో ఒక పుట ప్రశ్నావళిని తెలుగులో రూపొందించడం కష్టసాధ్యం కాదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో గ్రామాలలో నివసించే విద్యార్థులు, రేబిస్ టీకా ప్రచారంతో పాటు దానిని ఇంటింటికీ చేర్చగలరు. ప్రేమతో తెచ్చుకొనే ప్రాణికి ఇన్ని లెక్కలా అని కొందరు ఆక్షేపించవచ్చు. తగని నేలలో వేసిన విత్తనం ఒక పంటకాలం నష్టంతో పోతుంది. తగని ఇంట పడిన కుక్క పన్నెండేళ్లు రొప్పుతూ బ్రతుకుతుంది, లేదా వీధి పాలవుతుంది. ప్రేమకు ముందు వేసుకొనే ఆ కొద్ది లెక్క కుక్క పక్షాన వేసేదే.